వంటయింటి ప్రయోగశాల

విజ్ఞానశాస్త్రమనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి తాళం వేసి ఉన్న ఒక గది జ్ఞప్తికి వస్తుంది. ఆ గదిలో గాజు బీరువాలు, వాటిలో సీసాలు, ఆ సీసాలకు ఆంగ్లాక్షరాల చీటీలు. పరీక్షలు సమీపించినప్పుడు తాళం తీస్తారు. పుస్తకంలో ముందుగానే వ్రాసి ఉన్న ఫలితాన్ని రాబట్టి, దానిని రికార్డులోనికి ఎక్కించి వెలుపలికి వస్తాము. ప్రయోగమంటే ఇంతేనన్న భావం మనలో స్థిరపడిపోయింది. పల్లెలలోను, పేటలలోను ఉన్న అనేక ప్రాథమిక పాఠశాలలలో ఆ తాళం వేసిన గది సైతం లేదు. అక్కడి బాలబాలికలు ఆమ్లం, క్షారం అనే మాటలను కంఠస్థం చేస్తున్నారే గాని, ఉదయం తాము తిన్న పులిహోరలోనే ఆమ్లమున్నదని ఎరుగరు.

మా విజ్ఞాన విభాగ విద్యార్థులం కొందరం శనివారాలలో సమీపంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి, వంటయింటి వస్తువులతో చిన్న చిన్న ప్రయోగాలు చేయించితిమి. అక్కడ తెలుగు మాధ్యమం పిల్లలు, ఉర్దూ మాధ్యమం పిల్లలు ఒకే వరండాలో కూర్చున్నారు. మేము నేర్పినదానికన్నా నేర్చుకొన్నదే అధికమని మా నమ్మకం. అందులో మేము చేసిన ఒక పొరపాటు కూడా ఉన్నది. దానిని దాచక ఈ వ్యాసంలో తగిన చోట చెప్పగలము.

ప్రయోగానికి మూడు నియమాలు

ఇంద్రజాలికుడు చేసేది, శాస్త్రజ్ఞుడు చేసేది పైకి ఒకే విధంగా కనిపించవచ్చును. రెండింటికీ గల భేదాన్ని పిల్లలకు ముందుగా చెప్పవలెను. మొదటి నియమం: ఏమి జరుగుతుందో చేయడానికి ముందే ప్రతి ఒక్కరూ ఊహించి పలకపై వ్రాయవలెను. రెండవది: ఒక పర్యాయం ఒక్క విషయాన్ని మాత్రమే మార్చి, తక్కినవన్నీ యథాతథంగా ఉంచవలెను. మూడవది: మార్పు చేయనిదానిని ప్రక్కనే ఉంచుకొని పోల్చి చూడవలెను. ఈ మూడూ లేనప్పుడు ఎంతటి చిత్రమైన రంగుమార్పు అయినా గారడీయే అవుతుంది.

మొదటి ప్రయోగం: పసుపు కాగితం

కావలసినవి: పసుపు, తెల్లకాగితం, నిమ్మకాయ, తాంబూలానికి వాడే సున్నం, సబ్బు, వంటసోడా, ఉప్పు, చక్కెర.

పసుపును కొద్ది నీటితో పలుచగా కలిపి కాగితానికి పూసి నీడలో ఆరబెట్టవలెను. ఆరిన కాగితాన్ని వ్రేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించుకొని, ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క ద్రవాన్ని ఒక చుక్క వేయవలెను. ఉప్పునీరు, చక్కెర నీరు, నిమ్మరసం పడినచోట రంగు మారదు. సబ్బునీరు, సున్నపు తేట పడినచోట కాగితం ఎర్రబారుతుంది. వంటసోడా బలహీనమైన క్షారం కావడం చేత దాని నీటితో మార్పు అంత గాఢంగా ఉండదు. ఎర్రబారిన చోటనే నిమ్మరసం వేస్తే మరల పసుపు రంగు వస్తుంది.

పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం ఆమ్లంలో పసుపుగాను, క్షారంలో ఎరుపుగాను కనిపించడమే ఇందుకు కారణం. ఇది మన తల్లులకు తెలియని సంగతి కాదు. పెండ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, హారతి పళ్ళెంలోని ఎర్రనీరు పసుపు, సున్నం కలిసినందువల్ల ఎరుపెక్కినవే. పెండ్లికి ముందు మాంఝా వేడుకలో వధువుకు హల్దీ పూసిన ఇండ్లలో, ఆ బట్టలకు సబ్బు తగలగానే మరకలు ఎర్రబడటం అందరూ చూచినదే. అదే బట్టను ఎండలో ఆరవేస్తే మరక క్రమంగా వెలిసిపోతుంది. వెలుతురుకు కర్క్యుమిన్ విచ్ఛిన్నమవుతుంది.

ఎర్రమందార రేకులను వేడినీటిలో నానబెట్టి తీసిన రసంతో కూడా ఈ పరీక్ష చేయవచ్చును. నిమ్మరసానికి అది మరింత ఎరుపెక్కుతుంది. సోడా నీటికి ఆకుపచ్చవైపు మొగ్గుతుంది. పసుపు క్షారాన్ని మాత్రమే చూపగా, మందారం రెండింటినీ చూపుతుంది. ఈ రెండింటిలో ఏది మేలైన సూచిక అని పిల్లలనే అడుగవలెను.

ఇక్కడ భాషను గురించి ఒక మాట. ఆ వరండాలో ఒక పిల్లవాడు పసుపు అన్నాడు, ప్రక్కవాడు హల్దీ అన్నాడు. ఒకరు సున్నం అంటే మరొకరు చూనా అన్నారు. కాగితం మాత్రం ఇద్దరికీ ఒకే విధంగా ఎర్రబడినది. తెలుగు వారు వాడే ఆమ్లం అన్న సంస్కృత పదానికి, ఉర్దూలోని తుర్షా అన్న పదానికి, ఆంగ్లంలోని యాసిడ్ అన్న పదానికి మూలార్థం పులుపే. మూడు భాషలూ నాలుకను నమ్మియే పేరు పెట్టినవి. ఆంగ్లంలోని ఆల్కలీ అన్న మాట అరబ్బీ నుండి వచ్చినది. మొక్కలను కాల్చిన బూడిద అని దాని భావం. అంట్లు తోమడానికి మన అవ్వలు వాడినదీ బూడిదయే. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైన కాలంలో దాని అనువాదశాల శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించినది. కావున శాస్త్రం మన భాషలలో ఒదగదన్న నిరాశకు ఆధారం లేదు.

రెండవ ప్రయోగం: కంటికి కనిపించని వాయువు

ఒక లోతైన గిన్నెలో రెండు చెంచాల వంటసోడా వేసి, దానిపై నిమ్మరసం గాని సిర్కా గాని పోయవలెను. నురుగు పొంగుతుంది. నురుగు అణగిన తరువాత ద్రవం ఒలకకుండా గిన్నెను మెల్లగా వంచి, ఎదుట వెలుగుతున్న చిన్న కొవ్వొత్తిపై ఏదో పోస్తున్నట్లు పట్టవలెను. చుక్క నీరు పడకుండానే దీపం ఆరిపోతుంది. గిన్నెలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుచేత అది గిన్నెలో నిలిచి ఉండి, వంచినప్పుడు నీటివలె క్రిందికి జారుతుంది.

మన ఊపిరిలోనూ ఇదే వాయువున్నదని చూపడానికి సున్నపు తేట చాలును. పెద్దలు ముందుగా తయారుచేసి ఉంచిన తేటలోనికి గొట్టంతో మెల్లగా ఊదితే అది పాలవలె తెల్లబడుతుంది. గోడకు కొట్టిన సున్నం దినదినమూ గట్టిపడటానికి కారణమూ ఈ చర్యయే. గొట్టంతో ఊదవలెనే గాని పీల్చరాదని పిల్లలకు మరీ మరీ చెప్పవలెను.

మూడవ ప్రయోగం: నాలుగు గిన్నెల పెరుగు

పెరుగు తోడుపెట్టని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. తెలుగు ఇండ్లలో తోడు అని, చేమిరి అని, ఉర్దూ ఇండ్లలో జామన్ అని పిలిచే ఆ చెంచాడు పెరుగులో ఏమున్నది? దీనిని కనుగొనడానికి ఒకే పాలను కాచి నాలుగు గిన్నెలలో సమానంగా పోయవలెను. మొదటి గిన్నెలో పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయవలెను. రెండవ గిన్నెలో పాలు సలసల కాగుతుండగానే తోడు వేయవలెను. మూడవ గిన్నెలోని పాలను బాగుగా చల్లార్చి, తోడు వేసి, మంచు పెట్టెలో ఉంచవలెను. నాలుగవ గిన్నెలో పాలు గోరువెచ్చగానే ఉండవలెను గాని తోడు వేయరాదు. అన్నింటికీ మూతలు పెట్టి, ఏడెనిమిది గంటల తరువాత చూడవలెను.

మొదటి గిన్నెలో మాత్రమే చక్కని పెరుగు ఏర్పడుతుంది. తోడులో లాక్టోబాసిల్లస్ మొదలైన సూక్ష్మజీవులు కోట్లకొలది ఉంటాయి. అవి పాలలోని చక్కెరను ఆహారంగా తీసుకొని లాక్టికామ్లాన్ని తయారుచేస్తాయి. ఆ పులుపునకు పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. కాగే పాలలో ఆ జీవులు మరణిస్తాయి, చలిలో మందగిస్తాయి. నాలుగవ గిన్నె ఏ పనీ చేయనట్లు కనిపించినా ప్రయోగానికి ప్రాణం అదే. పాలు వాటంతట అవే పెరుగు కాలేదని, తోడే కారణమని సాక్ష్యం చెప్పేది ఆ గిన్నెయే.

మేము మొదటిసారి దీనిని చేసినప్పుడు మంచు పెట్టె లేక, మూడవ గిన్నెను గదిలోనే ఉంచితిమి. వేసవి వేడికి ఆ పాలు వెచ్చనై, ఆలస్యంగానైనా తోడుకొన్నవి. ఒక పిల్లవాడు గిన్నెను ముట్టుకొని చూచి, “సార్, ఇది చల్లగా లేదు కదా!” అన్నాడు. మా ఊహ తప్పు కాలేదు. మేము పెట్టిన నిబంధనను మేమే పాటించలేదు.

నాలుగవ ప్రయోగం: మిరియాల పొడి, ఒక వంటయింటి చరిత్ర

పళ్ళెంలో నీరు పోసి, దానిపై మిరియాల పొడిని పలుచగా చల్లవలెను. ఉత్త వ్రేలితో నడుమ తాకితే ఏమీ జరగదు. వ్రేలికి సబ్బు రాసుకొని తాకితే, పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పరుగిడుతుంది. నీటి ఉపరితలం బిగువుగా లాగి పట్టిన పలుచని పొరవలె ప్రవర్తిస్తుంది. ఈ గుణాన్ని తలతన్యత అంటారు. సబ్బు తగిలినచోట ఆ బిగువు తగ్గుతుంది. చుట్టూ ఉన్న నీరు ఎక్కువ బిగువుతో తనవైపునకు లాగుకొంటుంది. ఆ నీటితోపాటు మిరియాల పొడియు పోతుంది. సబ్బు మిరియాలను తరిమినదనుకోవడం సరికాదు.

అంట్లు కడిగిన నీటిలో ఈ వింతను గమనించి శాస్త్రచరిత్రలో స్థానం సంపాదించిన ఒక మహిళ ఉన్నది. ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో జన్మించి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో పెరిగిన ఈమె యువతిగా ఉన్న కాలంలో అక్కడి విశ్వవిద్యాలయాలు స్త్రీలను చేర్చుకొనేవి కావు. ఇంటిపని, అనారోగ్యంతో ఉన్న తల్లిదండ్రుల సేవ ఆమె దినచర్య. ఆ పనుల నడుమనే, రేకు తొట్టిలో నీరు నింపి, దాని ఉపరితలాన్ని అడ్డంగా విభజిస్తూ జరిపే ఒక పట్టీని అమర్చి, త్రాసునుండి వ్రేలాడే చిన్న బిళ్ళను నీటినుండి పైకి లాగడానికి ఎంత బలం కావలెనో కొలిచినది. నూనె మొదలైనవి నీటిపై వ్యాపించినప్పుడు తలతన్యత ఎట్లు మారునో ఇట్లు సంవత్సరాల తరబడి లెక్కకట్టినది.

1891లో ఆమె తన ఫలితాలను ఇంగ్లండులోని సుప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రాలీకి జర్మన్ భాషలో లేఖగా వ్రాసినది. ఆయన భార్య దానిని ఆంగ్లంలోనికి అనువదించగా, రాలీ ఆ లేఖను అదే సంవత్సరం ‘నేచర్’ పత్రికలో ప్రచురింపజేసినాడు. ఆమె తొట్టి తరువాతివారి పరికరాలకు మార్గం చూపినది. ఉపరితల రసాయనశాస్త్రంలో కృషికి ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి లభించినది. అదే సంవత్సరం బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయం డెబ్బదియేండ్ల పోకెల్స్‌కు గౌరవ డాక్టరేటు నిచ్చినది. మూడేండ్ల తరువాత ఆమె కన్నుమూసినది. రోజూ అంట్లు కడిగే చేతులు అదే నీటిని కొలువగలవని ఈ చరిత్ర చెబుతున్నది. మన విద్యార్థినులు దీనిని ప్రత్యేకంగా గమనించవలెనని మా కోరిక.

ఐదవ ప్రయోగం: కొవ్వొత్తి, మా పొరపాటు

పళ్ళెంలో కొద్దిగా రంగునీరు పోసి, నడుమ కొవ్వొత్తిని నిలిపి వెలిగించి, దానిపై గాజు గ్లాసును బోర్లించవలెను. కొద్దిసేపటికి దీపం ఆరుతుంది. నీరు గ్లాసులోనికి ఎగబాకుతుంది. మేము చిన్ననాడు విన్న కారణాన్నే పిల్లలకు అప్పగించితిమి: గాలిలో అయిదవ వంతు ప్రాణవాయువు, దీపం దానిని వాడుకొన్నది, ఖాళీ అయిన ఆ చోటును నీరు ఆక్రమించినది.

అప్పుడు ఉర్దూ మాధ్యమంలో అయిదవ తరగతి చదివే ఒక బాలిక లేచి నిలిచి, “సార్, దీపం వెలుగుతున్నంతసేపూ నీరు కదలలేదు. ఆరిన తరువాత ఒక్కసారిగా లేచింది. ప్రాణవాయువు మెల్లమెల్లగా ఖర్చయితే నీరు కూడా మెల్లమెల్లగా రావలె కదా?” అని అడిగినది.

మేము జవాబు చెప్పలేకపోతిమి. మాలో ఒకరు ఆమెను కూర్చోమని చెప్పి మరొక ప్రయోగానికి పోబోయినారు. ఆ క్షణాన ఆమె ముఖం చిన్నబోయినది. ప్రశ్నించడం తప్పేమోనన్న భయం ఒక పిల్లలో ఏ విధంగా పుడుతుందో మేమప్పుడు కళ్ళారా చూచితిమి. ఆ భయాన్ని ఒకనాడు మనలోనూ ఎవరో ఇట్లే నాటి ఉంటారు. తిరిగి ఆమె వద్దకు పోయి, “అమ్మా, నీ ప్రశ్నకు జవాబు మాకు తెలియదు. వచ్చే శనివారం అందరం కలిసి కనుగొందాము” అని చెప్పితిమి.

తరువాతి శనివారం రెండు పరీక్షలు చేసితిమి. మొదటి పరీక్షలో ఒకే గ్లాసు క్రింద ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడు కొవ్వొత్తులతో మరొకసారి నీరు ఎంత లేచునో గుర్తు పెట్టితిమి. గ్లాసులోని ప్రాణవాయువు రెండు పర్యాయాలూ ఒకటే. అయినను మూడు కొవ్వొత్తులకు నీరు ఎక్కువ ఎత్తు లేచినది. రెండవ పరీక్షలో కొవ్వొత్తియే లేదు. గ్లాసును వేడినీటితో తొలిచి, ఆ నీటిని పారబోసి, వెంటనే రంగునీటి పళ్ళెంలో బోర్లించితిమి. గ్లాసు చల్లారిన కొలది నీరు కొంత పైకెక్కినది. కాలినది ఏదీ లేదు, ఖర్చయిన ప్రాణవాయువూ లేదు!

అసలు కారణం ఇది. దీపపు వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచిస్తుంది. కొంత గాలి గ్లాసు బోర్లించేటప్పుడే వెలుపలికి పోతుంది. కొన్నిసార్లు అంచు క్రిందినుండి బుడగలుగా పోవడం కనిపిస్తుంది. దీపం ఆరగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. కాలడంలో పుట్టిన నీటి ఆవిరి గ్లాసు గోడలపై చెమ్మగా మారుతుంది. లోపలి పీడనం తగ్గడంతో వెలుపలి వాతావరణ పీడనం నీటిని లోనికి నెడుతుంది. ఖర్చయిన ప్రాణవాయువుకు బదులుగా బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి పుడుతూనే ఉంటాయి. పైగా ప్రాణవాయువు పూర్తిగా అయిపోకముందే దీపం ఆరిపోతుంది. కావున అయిదవ వంతు లెక్కకు ఈ ప్రయోగం ఋజువు కానేరదు. వేడి కూర గిన్నెపై బిగువుగా పెట్టిన మూత చల్లారిన తరువాత ఊడిరాకపోవడానికి కారణమూ ఇదే. ఆ పోలికను చెప్పినదీ ఆ బాలికయే.

మరికొన్ని

గ్రుడ్డు మంచినీటిలో మునుగుతుంది. ఉప్పును చెంచా చొప్పున కలుపుతూ పోతే ఒక దశలో తేలుతుంది. ఎన్నవ చెంచాకు తేలినదో లెక్కించవలెను. దోసకాయ ముక్కలను రెండు వాటాలు చేసి, ఒకదానిపైనే ఉప్పు చల్లితే ఆ వాటాలోనే నీరు ఊరుతుంది. ఊరగాయ ముక్కలు మెత్తబడటం దీనివల్లనే. గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది. పాలలో గంజి కలిపిన మోసాన్ని కూడా ఈ పరీక్షయే బయటపెడుతుంది.

జాగ్రత్తలు

నిప్పు, వేడినీరు, సున్నం వాడేచోట పెద్దలు తప్పక ఉండవలెను. సున్నం కంటికి మహాప్రమాదకరం. పడినచో వెంటనే నీటిధారతో చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. పొడి సున్నపురాయిని పిల్లలు తడపరాదు. ప్రయోగానికి వాడిన ఏ పదార్థాన్నీ రుచి చూడరాదు. పిల్లల దుస్తులు, జడలు దీపానికి దూరంగా ఉండవలెను.

మనవి

సోదర విద్యార్థులారా! మనలో ప్రతి ఒక్కరూ తమ పేటలోని ఒక పాఠశాలకు నెలకొక శనివారం పోగలిగితే చాలును. పసుపు, సున్నం, నిమ్మ, సోడా, రెండు గ్లాసులు, నాలుగు కొవ్వొత్తులు పట్టే ఒక పెట్టె మన ప్రయోగశాల. పెట్టెతోపాటు, తెలియనప్పుడు తెలియదని చెప్పగల ధైర్యాన్ని కూడా తీసుకొని పోవలెను.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఏమనగా, మన ప్రయోగశాల తలుపులను నెలకొక దినం ఆ పిల్లలకు తెరిపించవలెను. మా రికార్డు పుస్తకాలలో, సరిగా రాని ప్రయోగాలను కూడా ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయడానికి అనుమతి నీయవలెను. ఫలితం తప్పినప్పుడు దానిని దిద్ది వ్రాసే అలవాటు మాలో పోవలెనన్నచో ఇది అవసరం.

ఆ బాలిక ఇప్పుడు ప్రతి శనివారం ముందు వరుసలో కూర్చుంటున్నది. ఆమె తదుపరి ప్రశ్న మా వద్ద సిద్ధంగా ఉన్నది: పాలు పొంగుతాయి, నీరు ఎందుకు పొంగదు? జవాబును మేమింకా పిల్లలకు చెప్పలేదు. రెండు గిన్నెలు, పొయ్యి సిద్ధం చేసి ఉంచితిమి. ముందుగా వారి ఊహలను పలకలపై వ్రాయించవలసి ఉన్నది.